రోకలి నిలిచినంత మాత్రమున నేమి తేలినది?

2019వ సంవత్సరము డిసెంబరు 26వ తేదీ యుదయమున సూర్యగ్రహణము పట్టెను. తమిళనాడు, కేరళములలో కొన్ని తావుల కంకణాకారముగ గానవచ్చిన యా గ్రహణము మన విజయవాడలో పాక్షికముగ మాత్రమే కానవచ్చెను. ఆ పూట మా వీథిలో నొక యింటివారు ఇత్తడి పళ్లెములో నీరు పోసి, పసుపు కుంకుమలు చల్లి, నడుమ రోకలిని నిలువుగ నిలిపిరి. చేయి తీసినను రోకలి పడలేదు. చూడవచ్చినవా రందఱును చేతులు జోడించిరి. పిల్లలు చప్పట్లు చఱచిరి. గ్రహణము విడిచిన వెంటనే యింటి పెద్దావిడ రోకలిని తీసి గోడ కానించి, "విడుపయిపోయింది, ఇంక నిలబడదు" అని చెప్పెను. నిలబడదని చెప్పినదే కాని, నిలిపి చూడలేదు. చూడుమని యడిగినవారును లేరు. అచ్చట గుమిగూడిన ముప్పదిమందిలో మేమును ఉంటిమి. మాకును ఆ క్షణమున తోచలేదు.

తోచినది మూడు దినముల తరువాత. ఆదివారమునాడు ఆ రోకలినే యడిగి తెచ్చి, అదే పళ్లెములో, అదే మట్టమునకు నీరు పోసి నిలిపితిమి. నిలిచినది. నీరు పాఱబోసి నిలిపితిమి. అప్పుడును నిలిచినది. ఇరుగుపొరుగు ఇండ్లనుండి మఱి మూడు రోకళ్లు తెప్పించితిమి. వానిలో రెండు నిలిచినవి. ఒకటి ఎన్నిమార్లు నిలిపినను ఒఱిగిపోయినది. త్రిప్పి చూడగా దాని పొన్ను ఒక ప్రక్క అఱిగిపోయి యుండెను. తరువాత 2020 జూన్ 21వ తేదీ గ్రహణమునాడు ఆ నాలుగు రోకళ్లనే మఱల నిలిపితిమి. నిలిచెడి మూడును నిలిచినవి; పడెడిది పడినది. అడుగు చదునుగ నుండి, రోకలి బరువంతయు ఆ యడుగుమీదనే నిలిచినంతకాలము రోకలి పడదు. ఇందు సూర్యునితోగాని రాహువుతోగాని పని లేదు.

పెద్దావిడ కోపింపలేదు. "అయితే మా అత్తగారు నాతో అబద్ధం చెప్పిందంటారా మాస్టారూ?" అని మాత్రమే యడిగెను. లేదు. ఆమె అత్తగారు తాను చూచినదానినే చెప్పినది. గ్రహణకాలమున రోకలి నిలిచినమాట యథార్థము. గ్రహణము లేనప్పుడు నిలువదను మాట మాత్రము ఎవ్వరును చూచినది కాదు. చూచిన సగమునకు చూడని సగమును జతచేసి, రెండును కలిపి యొక్కటే సత్యముగ తరతరములు చెప్పుకొనుచు వచ్చితిమి.

సంస్కృతము చదివినవారికి ఈ లోపము తెలియనిది కాదు. తర్కసంగ్రహము చేతబట్టిన ప్రతి విద్యార్థియు పొగను జూచి నిప్పును నిశ్చయించు విధమును మొదటనే నేర్చుకొనును. పొగ యున్నచోట నిప్పుండుట అన్వయము. దానికి వంటయిల్లు దృష్టాంతము. నిప్పు లేనిచోట పొగ లేకుండుట వ్యతిరేకము. దానికి మడుగు దృష్టాంతము. ఈ రెండును కుదిరినగాని వ్యాప్తి స్థిరపడదు. మఱియు నిప్పున్నచోట నెల్ల పొగ యుండునా యని యడిగి, ఎఱ్ఱగ కాలిన యినుపగుండును మన పూర్వులు చూపిరి. అందు నిప్పు కలదు, పొగ లేదు. పొగకు పచ్చికట్టె తోడు కావలయును. ఇట్లు లోపల దాగియున్న నియమమునకు వారు ఉపాధి యని పేరు పెట్టిరి. రోకలి విషయమున ఆ పచ్చికట్టె వంటిది చదునైన పొన్ను. మా వీథివారు వంటయింటిని చూచిరి, మడుగును చూడలేదు. ఉపాధిని వెదకనే లేదు.

అన్వయ వ్యతిరేకములను మేము ఇరువదియేండ్ల ప్రాయమున వల్లించితిమి. పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకొంటిమి. అయినను రోకలి యెదుట నిలిచినప్పుడు అవి జ్ఞప్తికి రాలేదు. ఇది మా తప్పిదము. దీనిని దాచుట వలన ప్రయోజనము లేదు. తర్కమును గ్రంథములో నుంచి, లోకమును వీథిలో నుంచి, రెండింటిని ఎన్నడును కలియనీయని చదువు మాది. మఱియొక భేదమునుగూడ ఇచ్చట చెప్పవలసి యున్నది. నైయాయికుడు మడుగును చూపి ఊరకుండును. అది ముందే యున్న వస్తువు. ప్రయోగము చేయువాడో, మడుగు లేనిచోట దానిని తానే త్రవ్వును. గ్రహణము లేని దినమును ఏఱి, రోకలియు పళ్లెమును మార్పక, ఒక్క గ్రహణమును మాత్రము తొలగించి చూచును. ఏమి జరిగిన తన యూహ తప్పగునో ముందుగనే పలుకును. పలికిన పిదప ఫలమును బట్టి మాట మార్చడు. ఇతరులు తమ యింట చేసికొనునట్లు చేసినవిధ మంతయు చెప్పును. శాస్త్రీయ పద్ధతి యని పెద్దపేరున చెప్పెడిదానిలో సారమంతయు ఇంతే.

రోకలి నిలిచిన నేమి, నిలువకున్న నేమి యని చదువరు లడుగవచ్చును. రోకలివలన నెవ్వరికిని నష్టము లేదు. కాని యా సగపుచూపే మఱొకచోట నొక తల్లిని దోషిగ నిలుపుచున్నది.

పెదవి చీలి పుట్టిన శిశువునకు గ్రహణపు మొర్రి యని మన భాషలో పేరు. ఈ పేరు అవయవలోపమును చెప్పుటతో నాగక, దాని కారణమునుగూడ చెప్పుచున్నది. పరీక్షింపని యూహ యొకటి మాటయై, మాట నిఘంటువున కెక్కినది. గర్భిణి గ్రహణమును చూడరాదు, కత్తిపీట ముట్టరాదు, కూర తఱుగరాదు, వెల్లకిల పండుకొని కదలక యుండవలయును అని మన యిండ్లలోని నియమము. ఈ యూహ ఎట్లు పుట్టినదో తెలిసికొనుట కష్టము కాదు. గ్రహణమున సూర్యబింబము కొఱికినట్లు కనబడును. శిశువు పెదవియు కొఱికినట్లు కనబడును. దూరదేశమైన మెక్సికోలోగూడ ప్రజలు చంద్రబింబము కొఱుకబడుటకును శిశువు పెదవి చీలుటకును ముడివేసిరి. గర్భిణులు నేటికిని అచ్చట గ్రహణకాలమున నడుముకడ లోహపు సూది పెట్టుకొను వాడుక కలదు. మనము ఇనుమును ముట్టరాదందుము. వా రినుమును ధరింపవలెనందురు. పోలికనుండి యూహ పుట్టుట తప్పు కాదు. శాస్త్రజ్ఞుల యూహలును అట్లే పుట్టును. పుట్టినదానిని పరీక్షింపక పెంచుటయే తప్పు.

మాకడ చదువుకొన్న యొక బాలిక పెండ్లియై కృష్ణకు దిగువనున్న యొక గ్రామమున కాపురము చేయుచుండెను. 2020 జూన్ 21వ తేదీ గ్రహణమునాటికి ఆమెకు అయిదవ నెల. కార్తికమాసమున మగశిశువు కలిగెను. పై పెదవి చీలి యుండెను. బారసాలకు ముందే యింట విచారణ మొదలైనది. "కత్తిపీట ముట్టుకున్నావా? వాకిట్లోకి వచ్చావా?" అని అత్తగారడిగిరి, ఆడుబిడ్డ లడిగిరి, కన్నతల్లియు నడిగినది. కొన్ని నెలల తరువాత ఆ యమ్మాయి మాతో మాటలాడినప్పుడు, "కూర తరిగానేమో మాస్టారూ, నాకు గుర్తు లేదు. తరిగే ఉంటాను" అని పలికెను. ఇతరులు మోపిన నేరము కంటె, ఆమె తన జ్ఞాపకమును తానే సోదా చేసి, దొరకని నేర మొప్పుకొనుట మాకు ఎక్కువ బాధ కలిగించినది.

ఇప్పుడు పరీక్షింతము. గర్భస్థశిశువు పై పెదవి ఏర్పడునది నాలుగవ వారము మొదలు ఏడవ వారములోపల. అంగిలి యేర్పడునది ఆఱు మొదలు తొమ్మిది వారములలోపల. ఆ కాలమున ముఖమునకు రెండుప్రక్కలనుండి వచ్చెడి కండ నడుమ పూర్తిగ కలిసికొననిచో చీలిక మిగులును. అనగా చాలమంది స్త్రీలకు తాము గర్భవతుల మైతిమని రూఢిగ తెలియుటకు ముందో, తెలిసిన క్రొత్తలోనో ఈ పని ముగియును. ఆ యమ్మాయి బిడ్డకు పెదవి యేర్పడవలసిన గడువు గ్రహణమునకు రెండు నెలలకు పైగా ముందే దాటిపోయినది. గ్రహణమునాడు ఆమె యేమి తఱిగినను, తఱుగకున్నను, ఆ పెదవి యప్పటికే అట్లుండెను. మన నియమమంతయు కడుపు కానవచ్చుచున్న గర్భిణులకే. పెదవి యేర్పడుచున్న దినములలో నున్నవారిని ఎవ్వరును గుర్తింపరు, ఎవ్వరును గదిలో పెట్టరు. కారణము నిజమే యైనయెడల కావలి తప్పుచోట నున్నది.

ఈ మాట చెప్పిన పిదప ఆ యింటి బంధువొకరు వాద మాపలేదు. సూర్యగ్రహణము కాకున్న చంద్రగ్రహణ మనిరి. చూడకున్న నీడ సోకియుండు ననిరి. కత్తిపీట ముట్టకున్న నిద్రలో గోకికొని యుండు ననిరి. ఇట్లు ప్రతి యడ్డంకికి నొక దారి తెఱచుకొను నూహ మిక్కిలి బలమైనదని వారి తలంపు. నిజమునకు అది యేమియు చెప్పని యూహ. సూర్యగ్రహణము లేని సంవత్సరము లేదు. ఏ సంవత్సరమునను లోకమున ఎచ్చటనో రెండింటికి తక్కువ కాకుండ సూర్యగ్రహణములు జరుగును. గ్రహణములు సంభవించు ఋతువు సుమారు 173 దినముల కొకమారు తిరిగివచ్చును. తొమ్మిదినెలల గర్భము ఆ యవధికంటె దీర్ఘమైనది. కావున వెదకినవారికి ఏ గర్భమునకైనను నొక గ్రహణము దొరకును, మొర్రి గల శిశువునకును, లేని శిశువునకును సమముగనే. లోపము కలిగిన యింట వెదకుదురు, దొరకును. లోపము లేని యింట నెవ్వరును వెదకరు. రోకలి కథయే మఱల జరుగుచున్నది. ఇచ్చట పడద్రోయబడునది మాత్రము రోకలి కాదు.

ఇంతవఱకు చదివి సంస్కరణప్రియులైన మిత్రులు సంతోషింతురు. కాని యీ గజముకోలతోనే మన పక్షమునుగూడ కొలువవలసి యున్నది.

మన ప్రాంతమున మూఢనమ్మకములను చేతలతో నెదిరించిన వారిలో గోరా యను పేర ప్రసిద్ధులైన గోపరాజు రామచంద్రరావుగారు ముఖ్యులు. వారు వృక్షశాస్త్రోపాధ్యాయులు. 1940లో కృష్ణాజిల్లా ముదునూరులో నాస్తికకేంద్రమును స్థాపించిరి. 1947లో అది విజయవాడకు తరలివచ్చినది. గోరాగారు 1975లో మరణించిరి. వారి సతీమణి సరస్వతిగారు 2006 వఱకు ఆ పనిని సాగించిరి. నిప్పులమీద నడచుట, గ్రహణకాలమున గర్భవతులు వెలుపలికి వచ్చుట ఆ కేంద్రమువారు జనులయెదుట చూపిన కార్యములలోనివి. ఈ రెండును ధైర్యముతో కూడినవే. కాని పరీక్షలుగ రెండింటికిని సమానమైన విలువ లేదని మా యభిప్రాయము.

నిప్పులగుండము సంగతి చూడుడు. దీక్షబూని ఉపవాసమున్న భక్తుని పాదములే కాలవని లోకుల యూహ. ఆ యూహ ప్రకారము దీక్ష లేనివాడు నడచిన కాలవలయును. దీక్షయు భక్తియు లేనివారు నడచిరి, కాలలేదు. ఇచ్చట వ్యతిరేకమును చేతులార కల్పించి చూచిరి, యూహ యోడిపోయినది. కణకణలాడు బొగ్గు తనలోని వేడిమిని పాదమునకు మెల్లగ మాత్రమే యిచ్చును. అడుగు తాకునది క్షణకాలమే. ఆ క్షణములు పెరిగిన భక్తుని పాదమును కాలును, నాస్తికుని పాదమును కాలును. ఇది చక్కని ప్రయోగము.

గ్రహణమున వెలుపలికి వచ్చిన గర్భవతికి ఆరోగ్యవంతుడైన శిశువు కలిగిన నేమి తేలును? గ్రహణము చూచిన ప్రతి గర్భిణికిని మొర్రి శిశువు కలిగి తీరునని యెవరైన పట్టుబట్టినచో, ఆ యొక్క శిశువే చాలును, పంద్యము ముగిసినది. కాని మన పెద్దలు అట్లనరు. "రావచ్చును, ఎందుకు తెచ్చిపెట్టుకొనుట?" అందురు. ఈ మెత్తని మాటను ఒక్క శిశువుతో గెలువజాలము. లెక్క చూతము. పెదవిగాని అంగిలిగాని చీలి పుట్టు శిశువులు 700 మొదలు 1,500 జననములకు ఒకరని లెక్కలు భేదించును. సులభమునకై వేయి కొకరనుకొందము. గ్రహణము ఆ యపాయమును పదిరెట్లు పెంచునని, వాదముకొఱకు ఒప్పుకొందము. అప్పుడది నూటి కొక టగును. అట్టి ఘోరమైన యపాయము నిజముగనే యున్నను, పదిమంది గర్భవతులు గ్రహణమున నిలుచున్నప్పుడు పదుగురు శిశువులును లోపము లేక పుట్టుటకు నూటికి 90 పాళ్లు అవకాశము కలదు. నూఱుమంది నిలిచినను అట్లే జరుగుటకు నూటికి సుమారు 37 పాళ్లు అవకాశము మిగులును. కావున పదిమంది క్షేమముగ ప్రసవించినంతమాత్రమున గ్రహణదోషము కల్ల యని చాటుట, రోకలి నిలిచినంతమాత్రమున గ్రహణమహిమ నిజమని చాటుటకు చెల్లెలివంటిదే. ఆ గర్భవతులు జనుల భయమును తీర్చిరి, అది గొప్పపని. భయము తీర్చుట వేఱు, ఊహను పరీక్షించుట వేఱు. రెండవది తమ పక్షమున జరిగినదని సంస్కర్తలు తలచిన, ఎదుటివారు రేపొక మొర్రి శిశువును చూపినప్పుడు బదులు చెప్పజాలరు.

అట్లయిన నిజమైన పరీక్ష యెట్లుండును? తల్లులను పిలిచి మీరు గ్రహణమును చూచితిరా యని యడుగుట కాదు. లోపముగల శిశువు తల్లి తన దినములన్నియు తవ్వి తీసికొనును. ఇతర తల్లి మఱచిపోవును. జ్ఞాపకము పక్షపాతి. కాని గ్రహణతిథులు ముందే పంచాంగమున నున్నవి. అవి యెవ్వరి జ్ఞాపకమునకును లోబడవు. పెద్ద ప్రసూతి వైద్యశాలలలో జననముల పట్టిక లుండును. పెదవి యేర్పడు వారములలో గ్రహణము వచ్చిన శిశువుల నొక వైపును, రాని శిశువుల నొక వైపును వేలకొలదిగ చేర్చి, రెండువైపుల మొర్రి యెందఱికో లెక్కింపవలయును. భేద మెంత కనబడినచో గ్రహణదోషమును ఒప్పుకొందుమో, ఎంత కనబడకున్న విడిచిపెట్టుదుమో, పట్టిక తెఱువకముందే కాగితముపై వ్రాసి యుంచవలయును. ఆ వ్రాతకు సనాతనుడును సంస్కర్తయు ఇద్దఱును సంతకము చేయవలయును. ఇట్టి పరీక్షకు ఒక్క గర్భిణినైన గదిలో పెట్టనక్కఱ లేదు, ఎండలోనికి లాగనక్కఱయు లేదు.

గ్రహణము భయమునకే కాక పరీక్షకును ఉపకరించిన సందర్భ మొకటి మన కృష్ణాతీరముననే జరిగినది. 1868 ఆగస్టు 18వ తేదీ సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ మన సీమపై సాగెను. ఫ్రాన్సు దేశమునుండి జాన్సెన్ గుంటూరునకు వచ్చెను. ఆంగ్లేయుడైన టెన్నెంటు గూడ గుంటూరుననే గుడారములు వేసెను. మద్రాసు నక్షత్రశాల యధికారి పాగ్సన్ మచిలీపట్టణమున నిలిచెను. సంపూర్ణగ్రహణమున సూర్యుని యంచున కనబడు ఎఱ్ఱని జ్వాలలు దేనితో నైనవో తెలిసికొనుట వారి యుద్దేశము. ఏ ఫలమున కేది యర్థమో ముందే నిర్ణయమై యున్నది. జ్వాల కాంతిని వర్ణపటదర్శినిలో చూచినప్పుడు రంగులు ఎడతెగక కనబడిన, కాలుచున్న ఘనమో ద్రవమో; విడివిడి వెలుగురేఖలు కనబడిన, వాయువు. కొన్ని నిమిషముల చీకటిలో చూచిరి. వెలుగురేఖలే కనబడినవి. జ్వాలలు వాయువులు, అందు ప్రధానమైనది ఉదజని.

జాన్సెన్ అంతటితో తృప్తిపడలేదు. ఆ రేఖ లెంత కాంతిగలవనగా, గ్రహణము లేకున్నను చూడవచ్చునని యాతనికి తోచెను. తోచినదానిని మఱునా డుదయమున, ఆగస్టు 19వ తేదీన, పరీక్షించెను. సూర్యుడు నిండుగ వెలుగుచుండగా రేఖలు కనబడినవి. మా వీథిలో మూడుదినములు ఆలస్యముగ మాకు తోచిన ప్రశ్నయే యిది: గ్రహణము లేనినాడు ఏమగును? ఆ ప్రశ్న మఱునాడే వేసిన వానివలన సూర్యజ్వాలలను ఏ దినమైనను చూచుటకు లోకమునకు వీలుకలిగెను. ఇంగ్లండులో లాకియర్ గూడ వేఱుగనే యీ పద్ధతిని కనిపెట్టి యక్టోబరు 20వ తేదీన చూచెను. ఇద్దఱి వర్తమానములును పారిసు విద్వత్పరిషత్తునకు ఒక్కదినముననే, అక్టోబరు 26వ తేదీన, చేరినవి.

ఇచ్చట మన స్వాభిమానమునుగూడ పరీక్షింపవలసి యున్నది. 1868లో గుంటూరున జాన్సెన్ హీలియమును కనుగొనెనని మనవారు వ్రాయుచుందురు, సభలలో చెప్పుచుందురు. ఆ గ్రహణమున కొందఱికి కనబడినది ఒక పసుపురేఖ. అది సోడియపు రేఖ యనియే పలువురు తలచిరి. మచిలీపట్టణమున పాగ్సన్, రేఖ సోడియపు స్థానముననో, దానికి సమీపముననో యున్నదని సందేహమును సందేహముగనే వ్రాసి యుంచెను. అది సోడియము కాదని పిమ్మట లాకియర్ జాగ్రత్తగ కొలిచి స్థిరపఱచెను. క్రొత్త మూలద్రవ్య మనుట అప్పటికిని యూహయే. దానిని శంకించినవారు పెక్కండ్రు. 1895లో ర్యాంసే యొక ఖనిజమునుండి వెలువడిన వాయువులో ఆ రేఖనే చూచినప్పుడు గాని హీలియము భూమిమీద చేతికి చిక్కలేదు. ఊహకును నిశ్చయమునకును నడుమ 27 సంవత్సరములు గడచినవి. గుంటూరును మచిలీపట్టణమును ఆ కథలో నున్నవనుటయే మనకు చాలిన గౌరవము. లేనిదానిని చేర్చుకొనిన, పెదవి చీలికకు గ్రహణమును చేర్చినవారికంటె మన మెందులో మేలు?

పాగ్సన్ విడిచిన ఆ సందేహము మాకు మన బడులను జ్ఞప్తికి తెచ్చుచున్నది. కృష్ణాజిల్లా పెనుగంచిప్రోలున జన్మించిన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మిత్రులతో గూడి 1906లో విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పి, శాస్త్రవిషయములను తెలుగు గృహములకు తెచ్చిరి. విషయములు వచ్చినవి, పద్ధతి యింకను గడప దాటలేదు. కొన్నియేండ్ల క్రిందట నొక పాఠశాలలో ప్రయోగపరీక్షనాడు మేము కావలి యుంటిమి. నీరు మఱగు ఉష్ణోగ్రతను కొలువుమని పిల్లల నడిగిరి. ఒక బాలుని యుష్ణమాపకము 98 డిగ్రీలు చూపెను. వాడు 98 అని వ్రాసి, ప్రక్కవాని పుస్తకమును జూచి, చెఱిపి 100 అని దిద్దెను. పూర్తిమార్కులు వచ్చినవి. సాధనము దోషమా, నీటిలో దానిని ముంచినవిధము దోషమా, చూచిన కన్ను దోషమా యను మూడు ప్రశ్నలు ఆ చెఱుపుడుతో చెఱిగిపోయినవి. ఫలితము ముందే వ్రాసికొని చేయునది ప్రయోగము కాదు, తద్దినము. అట్టి చదువు చదివినవాడే రేపు తండ్రియై, బిడ్డ పెదవిని జూచి భార్యను ప్రశ్నించును. వానికి జవాబు ముందే తెలియును.

గృహస్థులకు మా మనవి యిది. రాబోవు గ్రహణమునాడు రోకలిని తప్పక నిలుపుడు. ముందుదినమునను, తరువాతి దినమునను గూడ నిలుపుడు. పిల్లలచేతనే నిలిపించి, ఏమి జరుగునో ముందుగ వారిచేత వ్రాయింపుడు. వ్రాసినది తప్పిన చెఱుపనీయకుడు. సూర్యగ్రహణమును వట్టికన్నులతో మాత్రము ఎవ్వరును చూడరాదు; గర్భిణియు చూడరాదు, బ్రహ్మచారియు చూడరాదు. అపాయము కంటికి, కడుపునకు కాదు. మొర్రి శిశువు పుట్టిన యింట పంచాంగమును తీయక వైద్యుని యొద్దకు పొండు. కొన్ని వంశమునుండి వచ్చును. తల్లి మధుమేహము, పొగత్రాగుట, మూర్ఛవ్యాధికి వాడు కొన్ని మందులు అపాయమును పెంచునని తేలినది. పెక్కింటికి కారణము ఇంకను తేలలేదు. తేలనిదానిని తేలలేదనుట సిగ్గుచేటు కాదు. పెదవిని మొదటి యేడాదిలోపలను, అంగిలిని ఒకటిన్నర యేడాదిలోపలను శస్త్రచికిత్సచే సాధారణముగ సరిచేయుదురు.

ఆ యమ్మాయి బిడ్డకు ఏడాది నిండకమునుపే శస్త్రచికిత్స జరిగినది. ఇప్పుడు బడికి పోవుచున్నాడు. ఆమె మమ్ము మఱల కలిసినప్పుడు, తాను నిజముగ కూర తఱిగియున్నను దోషము లేదా యని యింకొకమా రడిగినది. తఱిగియున్నను లేదని చెప్పితిమి. వారముల లెక్కను కాగితముపై వేసి చూపితిమి. ఆమె ఆ కాగితమును మడిచి, అత్తగారికి చూపుటకై వెంట తీసికొనిపోయెను.